ఇంటి పక్క వాలు జారుతోందా? ముందు గొడుగు పట్టుకుని పైకి వెళ్లండి

విశాఖలో కొండవాలు మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఏటా అక్టోబరులో ఇదే తంతు. వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు పెడితే చాలు, వేసవిలో ముచ్చటపడి వేయించిన కార్పెట్ గడ్డి చాప చుట్టినట్టు కిందికి వచ్చేస్తుంది. వెంటనే నాకు ఫోను: "ఈ గడ్డి మంచిది కాదండీ, వేరే రకం వేయండి." వాన పడుతుండగా వాలు అంచున నిలబడి ఒక్కసారైనా చూశారా అని అడిగితే జవాబు ఉండదు. పది నిమిషాల పని అది. డాబా గొట్టాలు ఎక్కడ దిగుతున్నాయో, పెరటి గచ్చు ఎటు వాలి ఉందో, నీళ్లు ఏ మూలన అంచు దాటుతున్నాయో చూడకుండా గడ్డి రకం గురించి మాట్లాడటం దండగ. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. అదంతా ఒకే గొట్టం నుంచి వాలు నెత్తిన దూకుతుంటే ఏ గడ్డి ఆగుతుంది?

పైన పాయలుపాయలుగా కోత పడుతుంటే

కారణం ఇప్పుడు చెప్పిందే. అంచు వెంట చిన్న కాలువ కట్టి, డాబా గొట్టాలను వాలు అడుగు దాకా దించండి. ఆ తర్వాతే కొబ్బరి పీచు వల. మన కోనసీమ పీచు ఉండగా ప్లాస్టిక్ వల ఎందుకో నాకు అర్థం కాదు. వల పై అంచును అడుగు లోతు గాడిలో పెట్టి మట్టితో కప్పండి. చాలామంది పైనే మేకులు కొట్టి వదిలేస్తారు, నీళ్లు వల కిందికి దూరి మట్టిని తోడేస్తాయి. వల రెండు మూడేళ్లలో కుళ్లిపోతుంది. కుళ్లాలి కూడా. అప్పటికి వేళ్లు ఆ పని అందుకుంటాయి.

గడ్డి పలకలు పలకలుగా ఊడి వస్తుంటే

ఊడిన పలకను తిరగేసి చూడండి. వేళ్లు నాలుగు వేళ్ల మందం దాటి ఉండవు. నున్నగా చెక్కిన గట్టి నేల మీద తెచ్చిన మట్టి పోసి, దాని మీద గడ్డి పరిచారన్నమాట. రెండు మట్టి పొరలూ అతుక్కోలేదు. వాలును అడ్డంగా మెట్లుమెట్లుగా గీకి, పైమట్టి పలచగా వేసి, వట్టివేరు నాటండి. ఈ గడ్డి వేళ్లు పక్కలకు పాకకుండా నిటారుగా రెండు మూడు మీటర్ల లోతుకు దిగుతాయి. పిలకకూ పిలకకూ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్లు, వరుసకూ వరుసకూ మధ్య ఎత్తులో ఒక మీటరు ఉంచండి. వరుసల మధ్య గరిక వేస్తే ఏడాదికల్లా కొండ గడ్డిలాగే కనబడుతుంది, ఎవరో కట్టించినట్టు ఉండదు. నాటడానికి జూన్, జూలై మంచి కాలం.

వరుస మట్టం మాత్రం కంటితో చూసి వేయకండి. తాపీ మేస్త్రి దగ్గరి నీటి గొట్టంతో చూసుకోండి. వరుస ఒక పక్కకు వాలితే నీళ్లన్నీ ఆ కొసకే నడిచి అక్కడ కోత పెడతాయి.

అన్నీ సరిగా చేసినా ఒకే చోట మళ్లీ మళ్లీ కూర్చుంటుంటే

నా చేతులు కాలింది ఇక్కడే. సీతమ్మధారలో ఒక ఇంటి వెనుక నాలుగు మీటర్ల వాలు. కాలువ కట్టాం, వల పరిచాం, వట్టివేరు నాటాం. వానాకాలం పోయాక మధ్యలో తలుపంత భాగం పొట్టలా ఉబ్బి జారింది. మళ్లీ చేశాం, మళ్లీ అక్కడే జారింది. రెండోసారి ఖర్చు నాదే. మూడోసారి మే నెలలో వెళ్లాను. చుట్టూ గడ్డి ఎండి గోధుమరంగులో ఉంటే, జారిన చోటికి పైన జానెడు వెడల్పు చార ఒకటి నవనవలాడుతోంది. ఇంటాయన దాన్నే చూపించి "ఇక్కడైతే బాగా పట్టింది చూడండి" అని మురిసిపోయారు. నడి వేసవిలో ఎవరూ నీళ్లు పోయని చోట గడ్డి పచ్చగా ఉందంటే లోపలి నుంచి ఎవరో తాగిస్తున్నారని అర్థం.

చార వెంట పైకి వెళితే సంపు. సాయంత్రం నిండా నింపి, వాల్వులన్నీ కట్టి, గోడ మీద పెన్సిలుతో గీత గీశాం. తెల్లారి చూస్తే రెండు సెంటీమీటర్లు తగ్గింది. సంపు రెండు మీటర్లు బై మూడు మీటర్లు, అంటే రాత్రికి 120 లీటర్లు. రోజూ కుళాయి నీళ్లతో నిండిపోతుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు.

ఇక్కడి కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయివి. అది శిథిలమైతే ఎర్రమట్టి, మధ్యలో తెల్లని సుద్ద. ఎండాకాలం గునపం దిగదు, లోపల నానితే వేలు దిగుతుంది. పైన ఎంత వట్టివేరు వేసినా లోపల నానిన మట్టి తన బరువుకు తానే జారుతుంది, వేళ్లతో సహా.

సంపు ఒక్కటే కాదు. వాలు అంచున తవ్విన ఇంకుడు గుంత ఇంకా మోసం, ఎందుకంటే అది మంచి పనే. సమతలం మీద ఎంత మేలు చేస్తుందో వాలు నెత్తిన అంత చేటు. ఇంటికి అవతలి పక్కకు మార్చండి. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకూ ఇదే మాట, కాకపోతే దాన్ని ముక్కే పట్టిస్తుంది.

లీకు కట్టాక కూడా లోపలి తడి వెంటనే పోదు. ఊట కనబడే మట్టంలో అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గాడి తవ్వి, వడపోత గుడ్డ పరిచి, చిల్లులున్న నాలుగంగుళాల పీవీసీ గొట్టం పెట్టి, చుట్టూ 20 ఎంఎం కంకర నింపి గుడ్డతో కప్పండి. గొట్టం కొస వీధి కాలువలోకి. ఆ ఇంట్లో మొదటి పది రోజులు చెంబుకు చెంబు ధార వచ్చింది, నెలకు ఆగింది. అప్పుడు నాటిన వట్టివేరు ఇప్పటికీ కదలలేదు.

మిగతావి

కారు షెడ్డు కోసం వాలు అడుగున మట్టి తవ్వేసి ఉంటే పైన ఏం చేసినా వృథా. అడుగున ఇనుప తీగతో అల్లిన బుట్టల్లో రాళ్లు పేర్చి, సందుల్లో మట్టి కూరి తీగలు పాకించండి. అందులోంచి నీళ్లు పోతాయి, సిమెంటు పూతలోంచి పోవు. పందికొక్కుల బొరియలు అరుదు, కంకర కొట్టి మూయండి. వాలు మీద పెద్ద చెట్లు వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కూల్చిన చెట్లు వేళ్లకు పట్టిన మట్టిని కూడా పెకలించుకుపోయాయి.

వాలు 45 డిగ్రీలు దాటినా, పైన నేల మీద నెలవంకలా పగుళ్లు కనబడినా నన్ను పిలవకండి. అది గడ్డి పని కాదు, మట్టి పరీక్షలు చేసే ఇంజనీరు పని. ఆయన వచ్చేదాకా పగుళ్ల మీద టార్పాలిన్ కప్పి, వాన పడే రాత్రి వాలు కింది గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి.