పిల్లలకు చైనా నదులు, 3వ పాఠం: ఊరి కంటే ఎత్తున పారే నది

పోయిన పాఠంలో ట్రేలో ఇసుక కలిపిన నీళ్ళు వదిలి, పసుపు నదిని (హువాంగ్ హో) చూపించమన్నాను. చాలామందికి కుదరలేదు, ఇసుక వెంటనే అడుగుకు దిగిపోయి తేట నీళ్ళు మిగిలాయి. ఇసుక చెప్పడం నా పొరపాటు. ఆ నది ఎక్కువగా మోసేది పిండిలాంటి సన్నటి మట్టి. ఎండిన ఒండ్రుమట్టిని దంచి, పిండి జల్లెడ పట్టి, సీసాలో నీళ్ళతో కలపండి. ఊపుతున్నంతసేపూ మట్టి తేలుతుంది, ఆపితే మెల్లగా పేరుకుంటుంది. కొండల్లో జోరుగా దిగిన నది మైదానంలో నెమ్మదించగానే జరిగేది అదే. నేనైతే మ్యాప్ తీసేది సీసా చూపించాకే.

ఇక ఒక్క వాక్యం దగ్గర గట్టిగా ఆగాలి. "వరద సారవంతమైన మట్టి తెచ్చింది, అందుకే జనం నది ఒడ్డున స్థిరపడ్డారు" అని చాలామంది చెప్పేస్తున్నారు. అది నైలు నది కథ. ఉత్తర చైనాలో ఆ పసుపు మట్టిని ముందు తెచ్చింది గాలి. వాయవ్యపు ఎడారుల వైపు నుంచి లక్షల ఏళ్ళు దుమ్ము వచ్చి పడి, కొన్నిచోట్ల వంద మీటర్లకు మించి పేరుకుంది. నది దాన్ని కోసుకుంటూ పోయింది. తొలి రైతులు ఆ మెత్తటి నేలలో వానల మీదే పంట తీశారు. ఊళ్ళు కూడా ఎక్కువగా చిన్న నదుల పక్కనే. ఆరు వేల ఏళ్ళ కిందటి బాన్‌పో పల్లె షియాన్ దగ్గర చాన్ నది ఒడ్డున ఉంది. చైనాను పాలించిన పాత రాజవంశం షాంగ్ రాజుల రాజధాని ఆన్‌యాంగ్ కూడా హువాన్ అనే చిన్న నది పక్కనే. పెద్ద నదిని చూసి జనం భయపడ్డారనీ, చిన్న నదిని నమ్ముకున్నారనీ చెప్పండి, పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది.

వాళ్ళు ఏం పండించారో చెప్పడానికి గుప్పెడు కొర్రలు చేతిలో పోయండి. కొర్రలు మొదట సాగైంది ఉత్తర చైనాలోనే. వరిగలూ అక్కడివే. వరి సంగతి యాంగ్జీ నదితో, వచ్చే పాఠంలో.

ఇప్పుడు ట్రేలో రెండు మట్టి గట్లు కట్టి, మధ్యలో బురదనీళ్ళు పోయండి. అడుగు లేస్తుంది. గట్టు పెంచితే అడుగు మళ్ళీ లేస్తుంది. పసుపు నది ఒడ్డునున్న కైఫెంగ్ నగరం దగ్గర నది అడుగు ఊరి నేల కంటే కొన్ని మీటర్ల ఎత్తుకు చేరింది ఇలాగే. 1855లో ఆ దగ్గర్లోనే గట్టు తెగింది. అంతవరకు షాన్‌డోంగ్ ద్వీపకల్పానికి దక్షిణాన సముద్రంలో కలిసిన నది, ఉత్తరాన బోహాయ్ సముద్రానికి మళ్ళింది.

గట్టు తెగడం చూశాకే వరదను అదుపు చేసిన యూ అనే వీరుడి కథ చెప్పండి. పురాణగాథలో తండ్రి గున్ గట్లు కట్టి ఓడిపోతాడు. కొడుకు యూ కాలువలు తవ్వి నీటికి దారి ఇస్తాడు. పదమూడేళ్ళ పనిలో సొంత ఇంటి గుమ్మం ముందు నుంచి మూడుసార్లు వెళ్ళినా లోపలికి అడుగు పెట్టడు. ముందే చెబితే పిల్లలకు అది మామూలు వీరుడి కథే.

అభ్యాసం: పది రోజులు రోజుకో గ్లాసు బురదనీళ్ళు. నీరు తేరాక స్కేలుతో అడుగు ఎత్తు కొలిచి, తేదీ వేసి పిల్లలే రాయాలి. పదకొండో రోజు గట్టు పెంచాలో, కాలువ తవ్వాలో వాళ్ళే తేల్చుకోవాలి. మీరు చెప్పకండి.