గోముఖం నడకకు వెళ్లేవారికి

గంగోత్రిలో అమ్మవారి దర్శనం చేసుకుని వెనుదిరిగే తెలుగు యాత్రికులు ఎందరో ఉంటారు. అక్కడినుంచి భాగీరథి వెంట మరో 18 కిలోమీటర్లు నడిచి, హిమానీనదం అంచున ఉన్న గోముఖాన్ని చూడాలనుకునేవారు అన్నిటికంటే ముందు ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి. గంగోత్రి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంటే, గోముఖం దాదాపు 4,000 మీటర్ల దగ్గర ఉంది. మైదానాల నుంచి వెళ్లిన మనకు ఆ పల్చని గాలి అలవాటు కావాలంటే ఉత్తరకాశిలో ఒక రాత్రి, గంగోత్రిలో ఒక పూర్తి రోజు ఆగడం అవసరం. తలనొప్పికి తోడు వాంతులో, నడకలో తూలడమో మొదలైతే, గమ్యం ఎంత దగ్గరలో ఉన్నా వెంటనే కిందికి దిగిపోవాలి.

దారి గంగోత్రి జాతీయ ఉద్యానంలో ఉంది కనుక అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. రోజుకు 150 మందినే పంపుతారు కాబట్టి దీన్ని ముందే చూసుకోవాలి. మే, జూన్, సెప్టెంబరు నెలలు అనువైనవి. వానల్లో కొండచరియల భయం ఉంటుంది.

మొదటి రోజు 9 కిలోమీటర్ల దగ్గర చీర్‌బాసాను, 14 కిలోమీటర్ల దగ్గర భోజ్‌బాసాను చేరి, అక్కడే పడుకుని, మర్నాడు తెల్లవారుజామున గోముఖానికి వెళ్లి రావడం మంచి పద్ధతి. ఎండ ఎక్కేకొద్దీ రాళ్లను పట్టి ఉంచిన మంచు కరిగి, అవి వాలు మీదుగా దొర్లుతాయి, దారికి అడ్డుగా పారే సెలయేళ్లూ మధ్యాహ్నానికి ఉబ్బుతాయి. చీర్‌బాసా దాటాక వచ్చే రాళ్లు పడే చోట్ల ఫొటోల కోసం నిలబడకూడదు.

ఆ వాలుల మీదే భరల్ అనే నీలి గొర్రెలు మేస్తుంటాయి. వాటి బూడిదరంగు ఒళ్లు బండల్లో కలిసిపోతుంది. ఒకటి తల ఎత్తాకగాని పక్కనే మరో పది ఉన్నాయని తెలియదు. వాటి కాళ్ల కింద కదిలిన రాయి నేరుగా దారి మీదికే వస్తుంది కనుక, మంద పైన ఉంటే అది కదిలిపోయేదాకా ఆగాలి. ఈ ఉద్యానంలో మంచు చిరుతలూ ఉన్నాయిగాని కనిపించడం చాలా అరుదు. వేటికీ తిండి పెట్టకూడదు. భోజ్‌బాసాకు ఆ పేరు తెచ్చిన భూర్జవృక్షాలు వంటచెరకు కోసం నరికివేతకు గురై బాగా తగ్గిపోయాయి; జ్ఞాపకంగా ఉంచుకుందామని వాటి బెరడు ఒలవడం నా దృష్టిలో క్షమించరానిది.

గోముఖం దగ్గర తెల్లని మంచుకొండ కనిపిస్తుందని ఎదురుచూడకండి. మట్టీ రాళ్లూ కప్పిన నల్లని గోడ, అది విరిగినచోట నీలిగా మెరిసే మంచు, దాని కిందినుంచి బూడిదరంగులో దూకే నీరు కనిపిస్తాయి. సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న ఈ హిమానీనదం ఏటా వెనక్కి జరుగుతోంది. అంచునుంచి పెద్ద పెద్ద ముక్కలు హెచ్చరిక లేకుండా విరిగిపడతాయి. అందుకే స్నానానికైనా, గంగాజలం పట్టుకోవడానికైనా గోడ దగ్గరికి వెళ్లకుండా, గంగోత్రి స్నానఘట్టాన్నే ఎంచుకోవాలి.