ఫ్రిస్కో ఎంత మారిందో సెన్సస్ లెక్కల్లో చూసుకోవడం ఎలా

మేం 2009లో టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వచ్చినప్పుడు మా వీధిలో సంక్రాంతికి ముగ్గు వేసింది నేనొక్కదాన్నే. దాని మీద నుంచే కారు పోనిస్తారా అని పక్కింటావిడ నిజంగా బాధపడింది. ఈ ఏడాది మా వరసలో ఐదిళ్ల ముందు ముగ్గులున్నాయి. ఆవిడ మాత్రం ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయింది.

"ఫ్రిస్కోలో అందరూ ఏడాదికి లక్షన్నర డాలర్లు సంపాదిస్తున్నారట కదక్కా, ఇల్లు కొనేయనా?" అని మా పిన్ని కొడుకు అడిగాడు. వాట్సాప్‌లో వచ్చే స్క్రీన్‌షాట్ చూసి అంత పెద్ద నిర్ణయం తీసుకోవద్దని, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు తీయించాను. మీరూ అలాగే తీయొచ్చు. గంట చాలు.

అమెరికా జనాభా లెక్కలు తీసే సెన్సస్ బ్యూరో డేటా సైట్‌లో ఊరి పేరు కొట్టి, ముందు జనాభా చూడండి. ఫ్రిస్కోలో 2000లో 33,714 మంది, 2010లో 1,16,989 మంది, 2020లో 2,00,509 మంది. ఈ మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఏ జాతి వాళ్లు ఎంతమంది ఉన్నారో బి03002 (సైట్‌లో B03002 అని కొట్టాలి, మిగతావీ అలాగే) అనే టేబుల్‌లో ఉంటుంది. హిస్పానిక్ (మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు) అవునా కాదా అన్నది సెన్సస్‌లో వేరే ప్రశ్న. దాన్ని జాతుల మొత్తానికి కలిపేస్తే ఒకే మనిషిని రెండుసార్లు లెక్కేసినట్టే. ఇక్కడ ఏషియన్లు 2010లో పదిమందిలో ఒకరు, 2020కి నలుగురిలో ఒకరు. అయితే ఏషియన్లంటే మనమే కాదు. చైనా, వియత్నాం, కొరియా వాళ్లూ అందులోనే ఉంటారు. మనవాళ్లను విడిగా చూడాలంటే బి02015 తెరవండి.

అసలు జాగ్రత్త కావాల్సింది ఆదాయం దగ్గరే. బి19013లో కనిపించేది మీడియన్, అంటే ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న ఇంటి సంపాదన. అది ఒక మనిషి జీతం కాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తే ఇద్దరిదీ కలిపే లెక్క. ఇది సెన్సస్ బ్యూరో ఏటా చేసే సర్వేల్లో ఐదేళ్లవి కలిపి ఇచ్చే లెక్క. 2006–10 సర్వేలో ఫ్రిస్కో మీడియన్ సుమారు లక్ష డాలర్లు, 2018–22కి లక్షా నలభై వేలు దాటింది. మా వాడు "అబ్బో" అన్నాడు. ధరల సంగతి చూడమన్నాను. 2010 నాటి లక్ష డాలర్లు 2022లో దాదాపు లక్షా ముప్పైనాలుగు వేలతో సమానం. పెరుగుదలలో ఎక్కువ భాగం అక్కడికే పోయింది.

మిగిలినదాన్ని కూడా పాతవాళ్ల జీతాలు పెరిగాయని చదవకూడదు. రాసుకున్న జనాభా అంకెలు ఇప్పుడు చూడండి. పదేళ్లలో 83 వేల మంది పెరిగిన ఊళ్లో మధ్యలో నిలబడ్డ ఇల్లు పాత ఇల్లే అయ్యుండాలని ఏముంది? మీడియన్ ఒక్కటే చూసి ఆగిపోకుండా బి19001 కూడా తెరిస్తే, ఏ ఆదాయంలో ఎన్ని ఇళ్లున్నాయో పదహారు వరసల్లో కనిపిస్తుంది. పాతిక వేల లోపు వాళ్లూ ఉన్నారు. అక్కడే మా వాడు కాసేపు మాట్లాడలేదు.

మీ చుట్టుపక్కల వీధుల వరకే, అంటే ట్రాక్ట్ స్థాయిలో చూస్తుంటే ± గుర్తు పక్కనున్న అంకె వదిలేయొద్దు. 1,60,000 పక్కన ±40,000 ఉందనుకోండి, అసలు సంగతి 1,20,000కీ 2,00,000కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కొన్నిచోట్ల 2,50,000+ అని మాత్రమే ఉంటుంది, ఆపైన సైట్ చూపించదు. రెండు కాలాలు పోల్చేటప్పుడు ఒకే ఏడాది రెండింటిలోనూ రాని ఐదేళ్ల సర్వేలే తీసుకోండి.

చివరగా బి25070 చూడండి. ఆదాయంలో ఎంత శాతం అద్దెకే పోతోందో చెప్పే టేబుల్ అది. 30 శాతం, ఆపైన ఉన్న వరసలన్నీ కూడండి. ఆ కుటుంబాలు ఎలా నెట్టుకొస్తున్నాయో తలుచుకుంటే నాకు దిగులేస్తుంది. మా పాప బడి క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ రోజూ నలభై నిమిషాలు డ్రైవ్ చేసి వస్తుంది. ఇక్కడి అద్దె కట్టలేక ఊరి బయట ఉంటోంది కాబట్టి, ఫ్రిస్కో లెక్కల్లో ఆవిడ ఏ వరసలోనూ లేదు.