చవక వాటర్ కూలర్, మూడో పాఠం: వేడి ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడం

రెండో పాఠంలో కంప్యూటర్ ప్రాసెసర్‌ను నీళ్లతో చల్లబరిచే 240 ఎంఎం కూలర్‌ను, మధ్యలో వేడిని దాటించే పేస్ట్ రాసి బిగించాం. ఇక కొలత. కొలవకుండా కొత్త ఫ్యాన్లు కొనకండి. లోపం పేస్ట్ దగ్గర ఉంటే ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా డబ్బు దండగే.

ముందుగా బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) పవర్‌కు హద్దు పెట్టాలి. రైజెన్ 7000 ప్రాసెసర్లలో చాలావరకు, హద్దు లేకపోతే పూర్తి లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్తాయి. వాటి తయారీయే అలాంటిది, కాబట్టి ఆ 95 చూసి కూలర్ మంచిదో కాదో చెప్పలేం. ఆ పవర్ హద్దు పేరు పీపీటీ, దాన్ని 120 వాట్లకు పెట్టండి. ఇంటెల్‌లో అయితే పీఎల్1, పీఎల్2 అనే పవర్ హద్దులు రెండూ 120. మీ ప్రాసెసర్ అంత తీసుకోకపోతే 80 చాలు. ఫ్యాన్ల వేగం 1200 ఆర్‌పీఎం దగ్గర స్థిరంగా పెట్టండి. పంపు మాత్రం ఎప్పుడూ పూర్తి 12 వోల్టుల మీదే తిరగాలి. దాన్ని మదర్‌బోర్డు మీది మామూలు ఫ్యాన్ హెడర్‌కు తగిలిస్తే, ఫ్యాన్ కర్వ్‌తో (వేడిని బట్టి వేగం మార్చే సెట్టింగ్‌తో) పాటు పంపు కూడా నెమ్మదిస్తుంది.

ప్రాసెసర్‌కు పూర్తి లోడ్ పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ను 30 నిమిషాలు ఆపకుండా నడపండి. వేడి, పవర్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగింగ్ (అంకెలను నమోదు చేసుకోవడం) ఆన్ చేయండి. ఫ్యాన్లు గాలి పీల్చే చోట ఒక థర్మామీటర్ పెట్టండి. మే నెల మధ్యాహ్నం తీసిన అంకెను డిసెంబరు అంకెతో నేరుగా పోల్చలేం కదా! ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేసి, వాట్లతో భాగించాలి. గది 32, ప్రాసెసర్ 80, పవర్ 120 అయితే 48 ÷ 120 = 0.40. ఈ అంకె ఎంత తగ్గితే కూలర్ అంత మెరుగు.

అసలు విషయం లాగ్‌లో ఉంటుంది. వేడి రెండు అంచెల్లో పెరుగుతుంది. మొదటి 15–20 సెకన్లలో వచ్చే దూకుడు, చిప్ నుంచి నీళ్లలోకి వేడి దిగడానికి ఉన్న అడ్డంకిని చూపిస్తుంది. ఆ తర్వాత పది, ఇరవై నిమిషాల పాటు మెల్లగా ఎక్కేది నీళ్లు వేడెక్కడం వల్ల. లోడ్ పెట్టగానే 90 దాటితే పేస్ట్, బిగింపు లేదా పంపును అనుమానించండి. దూకుడు తక్కువగానే ఉండి తర్వాత ఎక్కుతూనే పోతే రేడియేటర్‌కు, అంటే ఫ్యాన్ల గాలితో నీళ్లను చల్లార్చే భాగానికి, గాలి చాలడం లేదు.

పంపును చేత్తోనే పరీక్షించవచ్చు. నిమిషానికి లీటరు నీరు తిరిగితే, 120 వాట్ల దగ్గర రెండు ట్యూబుల మధ్య తేడా రెండు డిగ్రీల లోపే. ఒకటి బాగా వేడిగా, రెండోది చల్లగా తగిలితే ప్రవాహం లేనట్టే. రేడియేటర్ పైఅంచు కన్నా పంపు ఎత్తులో ఉంటే గాలి పంపులోకి చేరి గరగరమంటుంది. అప్పుడు ముందు రేడియేటర్ చోటు మార్చండి.

గాలి చాలకపోతేనే ఫ్యాన్లు మార్చాలి. రేడియేటర్‌కు ఎంత గాలి వీస్తుందన్నదాని కన్నా స్టాటిక్ ప్రెషర్ (అడ్డంకిలోంచి గాలిని నెట్టే బలం) ముఖ్యం. ఆర్కిటిక్ పీ12 లాంటివి ఈ పనికి సరిపోతాయి. స్క్రూల దగ్గర జాగ్రత్త: 25 ఎంఎం ఫ్యాన్‌కు 30 ఎంఎం స్క్రూ చాలు. అంతకన్నా పొడవుది ఎక్కిస్తే రంధ్రం వెనకున్న నీటి గొట్టం చిల్లుపడవచ్చు, పడితే అక్కడితో కూలర్ పని అయిపోయినట్టే. మర కూడా చూసుకోండి. కొన్ని రేడియేటర్లకు ఎం3, కొన్నింటికి 6-32. చేత్తో నాలుగు చుట్లు తేలిగ్గా తిరగకపోతే బలవంతం చేయొద్దు.

ఫ్యాన్లు మార్చాక పేస్ట్ జోలికి పోకుండా, అదే 120 వాట్లు, అదే 1200 ఆర్‌పీఎం మీద మళ్లీ నడపండి. గది 33, ప్రాసెసర్ 75 వస్తే 0.35. అంటే డబ్బుకు ఫలితం దక్కింది. 0.39 దగ్గరే ఉండిపోతే ఫ్యాన్లు తిరిగిచ్చేసి, ప్రాసెసర్ మీద బిగించిన బ్లాక్ విప్పి పేస్ట్ ఎలా పరుచుకుందో ఫోటో తీసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ మరకను చదవడం నేర్చుకుందాం.