చెవి దిబ్బడేసిందా? నూనె పోసే ముందు లోపం ఎక్కడుందో చూడండి

చెవి పోటు వచ్చినా, దిబ్బడేసినా, హోరుమన్నా మన ఇళ్లలో మందు ఒకటే: వెల్లుల్లి వేసి కాచిన నూనె. లేదంటే ఇయర్‌బడ్. కానీ ఈ మూడింటికీ కారణాలు వేరు, అవి ఉండే చోట్లు కూడా వేరు. శబ్దం వెళ్లే దారి తెలిస్తే లోపం ఎక్కడుందో చాలావరకు మనమే ఊహించవచ్చు.

బయటి చెవి గొట్టం సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని చివర కర్ణభేరి. వెనక గాలి నిండిన మధ్య చెవిలో కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలుంటాయి. అంకవన్నె పొడవు దాదాపు 3 మిల్లీమీటర్లే, బియ్యపు గింజ కన్నా చిన్నది. గాలిలో వచ్చిన కదలిక లోపలి చెవిలోని ద్రవంలోకి దిగాలంటే మామూలు బలం చాలదు. అందుకే ఈ ఎముకలు కర్ణభేరి మీద పడిన ఒత్తిడిని సుమారు 20 రెట్లు పెంచి లోపలికి తోస్తాయి. అక్కడ నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కర్ణావర్తంలో ఉన్న దాదాపు 15,000 రోమకణాలు ఆ కదలికను విద్యుత్ సంకేతాలుగా మారిస్తే, వినికిడి నాడి వాటిని మెదడుకు చేరుస్తుంది.

ఒక చెవి సరిగ్గా వినపడటం లేదు. లోపం ఎక్కడ?

నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని గొంతుతో సన్నగా శబ్దం చేయండి. అది ఏ చెవిలో గట్టిగా మోగుతోందో గమనించండి.

దిబ్బడేసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉండొచ్చు. మీ గొంతు పుర్రె ఎముక గుండా నేరుగా కర్ణావర్తాన్ని చేరుతుంది. దారి మూసుకుపోయిన చెవిలో బయటి చప్పుడు అడ్డు రాదు, లోపలి శబ్దం బయటికి పోదు. బాగున్న చెవిని వేలితో మూసి ఇదే చేసి చూడండి, శబ్దం ఆ వైపుకు జరగడం స్పష్టంగా తెలుస్తుంది.

అలా కాకుండా బాగున్న చెవిలోనే మోగితే లోపం కర్ణావర్తంలోనో నాడిలోనో ఉందని అనుమానించాలి. ఈఎన్‌టీ డాక్టర్లు 512 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని (తట్టగానే మోగే లోహపు ట్యూనింగ్ ఫోర్క్) నుదుటి మీద పెట్టి చూసేది ఇదే. ఇంట్లో చేసేది సూచన మాత్రమే. రెండు చెవులకూ సమస్య ఉంటే ఇది పనిచేయదు.

తలస్నానం చేశాక చెవి మూసుకుపోయింది

చాలాసార్లు కారణం గులిమి. లోపల గట్టిపడిన గులిమి నీళ్లు తగలగానే ఉబ్బి గొట్టాన్ని పూర్తిగా మూసేస్తుంది. నిజానికి చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. గొట్టంలోని చర్మం మెల్లగా బయటికి జరుగుతూ గులిమిని మోసుకొస్తుంది. ఇయర్‌బడ్ ఆ పనికి ఎదురెళ్తుంది: కొసకు అంటిన కొంచెం చూసి శుభ్రమైందనుకుంటాం, మిగతాదంతా కర్ణభేరి దగ్గరికి చేరుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల అయితే కర్ణభేరికే ప్రమాదం.

గులిమిని మెత్తబరిచే చుక్కల మందు మూడు నాలుగు రోజులు వాడితే చాలామందికి సర్దుకుంటుంది. లేకపోతే డాక్టరు పీల్చేసే యంత్రంతో నిమిషాల్లో తీసేస్తారు. కర్ణభేరికి రంధ్రం ఉన్నా, చీము కారుతున్నా, చెవి ఆపరేషన్ అయినా ఏ చుక్కలూ సొంతంగా వేసుకోవద్దు.

చెవి విపరీతంగా దురద పెడుతూ తడితడిగా ఉంటే అది ఫంగస్ కావచ్చు. ఉక్కపోత ఉండే చోట్ల ఇది ఎక్కువ. చెవిని పొడిగా ఉంచి డాక్టరుకు చూపించాలి. నూనె పోస్తే ఇంకా ముదురుతుంది.

విమానం దిగుతుంటే నొప్పి, తిరుమల ఘాట్‌లో దిబ్బడ, జలుబు చేసిన పిల్లలకు రాత్రి పోటు

మూడింటికీ మూలం యూస్టేషియన్ గొట్టం. మధ్య చెవిని ముక్కు వెనక భాగంతో కలిపేది ఇదే. మింగినప్పుడు, ఆవలించినప్పుడు తెరుచుకుని కర్ణభేరికి రెండు వైపులా ఒత్తిడిని సమానం చేస్తుంది. కాబట్టి ప్రయాణంలో ఏదైనా చప్పరించండి, గుటకలు వేయండి. విమానం దిగేటప్పుడు నిద్రపోవద్దు.

పిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉండటం వల్ల జలుబుకు త్వరగా మూసుకుపోయి మధ్య చెవిలో ద్రవం చేరుతుంది. కర్ణభేరి అడ్డుగా ఉండగా నూనె అక్కడికి చేరనే చేరదు. బరువును బట్టి పారాసిటమాల్ ఇచ్చి తెల్లారాక డాక్టరుకు చూపించండి. పోటు హఠాత్తుగా తగ్గి చీము కారితే కర్ణభేరి చిట్లిందన్నమాట. అది సాధారణంగా కొన్ని వారాల్లో తానే మూసుకుంటుంది, ఈలోపు చెవిలోకి నీళ్లు పోనివ్వకూడదు.

నిద్ర లేచేసరికి ఒక చెవి వినపడటం లేదు

దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నొప్పి ఉండదు. దిబ్బడగా, హోరుగా మాత్రమే ఉంటుంది కాబట్టి అందరూ జలుబు అనుకుని వారం పది రోజులు ఆవిరి పట్టి చూస్తారు. పైన చెప్పిన పరీక్షలో గొంతు శబ్దం బాగున్న చెవికి వెళ్తే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇది లోపలి చెవిలో అకస్మాత్తుగా వచ్చే చెవుడు కావచ్చు. దీనికి స్టెరాయిడ్ చికిత్స ఉంది. మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గుతుంది. వినపడకపోవడంతో పాటు మూతి వంకర పోయినా, మాట తడబడినా నేరుగా ఎమర్జెన్సీకే.

డీజే దగ్గర నిలబడ్డాక చెవిలో గుయ్‌మంటోంది

రోమకణాలు దెబ్బతిన్నాయి. హోరు ఒకటి రెండు రోజుల్లో తగ్గొచ్చు, కానీ చనిపోయిన రోమకణం మనిషిలో మళ్లీ పుట్టదు. శబ్దం గట్టితనాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు; 85 డెసిబెల్స్‌ను 8 గంటల దాకా భరించవచ్చని లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, స్పీకర్‌కు దూరం జరగండి. ఆరుబయట దూరం రెట్టింపయితే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చంటిపిల్లలను బరాత్ ముందు ఎత్తుకుని తిప్పవద్దు.

తాతయ్యకు వినపడుతుంది, కానీ అర్థం కావడం లేదు

కర్ణావర్తం మొదట్లోని రోమకణాలు సన్నని, కీచు శబ్దాలను పట్టుకుంటాయి. వయసుతో ముందు పోయేవి అవే. అచ్చులు బాగానే చేరతాయి, క, త, ప, స లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే పప్పు, కప్పు, తప్పు ఒకేలా వినిపిస్తాయి. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, పైగా చెవికి బాధ. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా నిదానంగా మాట్లాడండి. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించి వినికిడి మిషన్ పెట్టిస్తే మొదట్లో గిన్నెల చప్పుడు కూడా చికాకనిపిస్తుంది. మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. అంతలోనే డ్రాయర్‌లో పడేయనివ్వకుండా, రోజూ కాస్త కాస్త సమయం పెంచుతూ పెట్టించండి.