మొదటి అకూస్టిక్ గిటార్: కంటికన్నా ముందు వేళ్లకు నచ్చాలి

గిటార్ మొదలుపెట్టినవారు కొద్ది వారాలకే దాన్ని అటకెక్కించడానికి సంగీతజ్ఞానం లేకపోవడం కన్నా వేళ్ల నొప్పే తరచుగా కారణమవుతుంది. ఆ నొప్పిలో కొంత భాగం ఎవరికీ తప్పదు. వేలికొనల చర్మం గట్టిపడేవరకు ఓర్చుకోవలసిందే. మిగిలిన భాగం మాత్రం వాద్యం వల్ల వచ్చేది. తీగలు అవసరానికి మించిన ఎత్తులో ఉన్నా, మెడ చేతికి అమరకపోయినా, పెట్టె ఒళ్లో ఒదగకపోయినా ఎంత సాధన చేసినా ఆ ఇబ్బంది తీరదు సరికదా, నేర్చుకునేవారు ఆ లోపం తమ వేళ్లదేనని భ్రమపడి నిరుత్సాహపడతారు. కనుక మొదటి గిటార్ కొనేటప్పుడు చెక్క పేరు, పాలిష్ మెరుపు, కంపెనీ ముద్ర వంటివన్నీ తరువాతి మాట. అది ఎంత తేలికగా పలుకుతుందో ముందు చూడాలి.

అన్నిటికన్నా ముందుగా తేల్చుకోవలసింది స్టీల్ తీగలా, నైలాన్ తీగలా అన్నది. కొత్తవారికి నైలానే మంచిదన్న సలహా తరచుగా వినిపిస్తుంది, కానీ అది సగమే నిజం. నైలాన్ తీగలు మెత్తగా ఉండి వేళ్లను అంతగా కోయవు. ఆరు తీగలూ కలిసి మెడ మీద వేసే లాగుడు సుమారు 40 కిలోలే, అదే స్టీల్ తీగల గిటార్ మీద 70 కిలోలకు పైగా ఉంటుంది. అయితే నైలాన్ గిటార్ మెడ నట్ (మెడ చివర తీగలు ఆనే సన్నని పట్టీ) దగ్గర సుమారు 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, స్టీల్ గిటార్ మెడ 43 లేదా 44 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి చిన్న చేతులున్నవారికి మెత్తని తీగల వల్ల కలిగిన సౌఖ్యాన్ని వెడల్పాటి మెడ కొంత హరిస్తుంది. వేళ్లతో మీటే క్లాసికల్ పద్ధతి నేర్చుకోదలచినవారు నైలాన్‌కు వెళ్లాలి. పాటకు తోడుగా పిక్ అనే చిన్న బిళ్లతో కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛాలు) వాయించాలనుకునేవారు స్టీల్ తీగలదే తీసుకోవడం మేలు, ఎందుకంటే మనసులో ఉన్న ధ్వని చేతిలోని వాద్యం నుంచి రాకపోతే సాధన మీద మనసు నిలవదు. ఒక్క హెచ్చరిక: నైలాన్ గిటార్‌కు ఎన్నడూ స్టీల్ తీగలు బిగించకూడదు. అంతటి లాగుడును తట్టుకునేలా దాని మెడను, పై పలకను తయారుచేయరు, తీగలను పెట్టెకు పట్టి ఉంచే బ్రిడ్జ్ ఊడివస్తుంది.

తరువాతిది పెట్టె పరిమాణం. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే పెద్ద పెట్టె గిటార్‌ను డ్రెడ్‌నాట్ అంటారు. మార్టిన్ కంపెనీ దీన్ని 1916లో డిట్సన్ అనే మరో సంస్థ కోసం తయారుచేసి, 1931 నుంచి తన పేరుతోనే అమ్మసాగింది. గట్టిగా, గంభీరంగా మోగడమే దాని ప్రత్యేకత. గదిలో కూర్చుని ఒంటరిగా సాధన చేసుకునేవారికి అంత గట్టిదనం అవసరం లేదు. దాని లోతు సుమారు 12 సెంటీమీటర్లు కాగా, ఆర్కెస్ట్రా మోడల్ వంటి నడుము సన్నని రకాల లోతు 10 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. వినడానికి చిన్న తేడాయే గానీ, గంటసేపు కుడిచేతిని పెట్టె మీదుగా వేసి కూర్చుంటే భుజానికి తెలుస్తుంది. పరీక్ష సులువైనదే: వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, గిటార్‌ను తొడ మీద ఆనించి, కుడి మోచేతిని సహజంగా వాలనివ్వాలి. భుజం పైకి లేస్తున్నా, తీగలను చూడడానికి మెడ వంచి ముందుకు తొంగిచూడవలసి వస్తున్నా ఆ పెట్టె పెద్దదే. పిల్లలకు మూడొంతుల సైజు గిటార్లు దొరుకుతాయి. పూర్తి సైజులో నట్ నుంచి, బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిల్ అనే పట్టీ వరకు తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లుంటే, వీటిలో 58 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఎదుగుతారు కదా అని పెద్ద చొక్కా కొన్నట్టు పెద్ద గిటార్ కొనిపెట్టడం మాత్రం సరికాదు.

ఇక అసలు విషయం తీగల ఎత్తు. వాయించేవారు దీన్ని యాక్షన్ అంటారు. మెడకు అడ్డంగా ఉండే లోహపు కమ్మీలను ఫ్రెట్లంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగుభాగం వరకు ఎంత ఖాళీ ఉందో చిన్న స్కేలుతో కొలవాలి. స్టీల్ గిటార్‌లో అన్నిటికన్నా లావైన ఆరో తీగ కింద సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్నని మొదటి తీగ కింద 2 మిల్లీమీటర్లు లేదా అంతకు కాస్త తక్కువ ఉంటే సౌకర్యంగా ఉంటుంది. నైలాన్ తీగలు ఎక్కువ ఊగుతాయి కనుక వాటికి సుమారు 4, 3 మిల్లీమీటర్లు కావాలి. అయితే పన్నెండో ఫ్రెట్ కొలత ఒక్కటే చూసి ఆగిపోతే సగం పనే అయినట్టు, ఎందుకంటే కొత్తవారు మొదటి ఆరు నెలలూ దాదాపుగా మొదటి మూడు ఫ్రెట్ల మీదనే గడుపుతారు. అక్కడ ఎత్తును నిర్ణయించేది నట్. ఒక్కో తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందును గమనించాలి. కాగితం మందం పాటి సందు ఉంటే చాలు. అంతకు మించి స్పష్టంగా కనిపిస్తుంటే నట్ గాడులు లోతుగా కోయలేదని అర్థం, అటువంటి గిటార్ మీద ఎఫ్ కార్డ్ పట్టడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. చౌక గిటార్లలో అతి తరచుగా కనిపించే లోపం ఇదే, తక్కువ ఖర్చుతో సరిచేయించగలిగిన లోపమూ ఇదే.

ఎత్తు సాడిల్ దగ్గర ఎక్కువైతే దాన్ని అడుగు నుంచి అరగదీస్తారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే సాడిల్‌ను ఒక మిల్లీమీటరు అరగదీయాలి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. సాడిల్ అప్పటికే బ్రిడ్జ్‌లో మునిగిపోయినంత పొట్టిగా ఉండి, అయినా తీగలు ఎత్తుగానే ఉంటే లోపం మెడ కోణంలో ఉన్నట్టు. దాన్ని సరిచేయడానికి మెడను విప్పి మళ్లీ అమర్చాలి, ఆ ఖర్చు తరచుగా గిటార్ ధరనే మించుతుంది. అమ్మేవారు ఎంత తగ్గించి ఇస్తామన్నా దాన్ని వదిలేయడమే మంచిది. మెడలోని ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని తిప్పితే అన్నీ సర్దుకుంటాయని కొందరు చెబుతారు. అది మెడలోని స్వల్పమైన వంపును మాత్రమే సవరిస్తుంది, ఎత్తును తగ్గించే సాధనం కాదు.

ఆ తరువాత ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒక్కసారైనా నొక్కి మోగించాలి. వాయించడం రానివారు కూడా ఈ పని చేయగలరు; ఓపిక ఉంటే చాలు. ఎక్కడైనా జర్రుమనే శబ్దం వచ్చినా, మోగకుండా స్వరం చచ్చిపోయినా, పక్క ఫ్రెట్ స్వరమే మళ్లీ వినిపించినా ఫ్రెట్లు సమానంగా లేవన్నమాట. పన్నెండో ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే వచ్చే హార్మోనిక్, అదే ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరం శ్రుతిని చూపే టూనర్‌లో దాదాపు ఒకటిగా చూపాలి. తేడా ఎక్కువైతే పైన వాయించినప్పుడల్లా అపస్వరమే వినిపిస్తుంది. మెడ అంచు వెంట అరచేతిని జార్చి ఫ్రెట్ల కొనలు గీసుకుంటున్నాయేమో చూడాలి. పాత గిటార్ అయితే బ్రిడ్జ్ వెనుక అంచు కిందికి కాగితం మూల దూరుతుందేమో కూడా పరీక్షించాలి. దూరితే జిగురు వదులుతోందని అర్థం.

చెక్క గురించి చెప్పుకోవలసింది కొద్దిగానే ఉంది, దుకాణంలో మాత్రం దాని గురించే ఎక్కువ చెబుతారు. ధ్వనిలో అధిక భాగం పై పలక వల్ల వస్తుంది. అది ఒకే చెక్కతో చేసినదైతే సాలిడ్ టాప్ అంటారు. పొరలు అతికించి చేసినదైతే లామినేట్. ప్రకటనలో స్ప్రూస్ టాప్ అని మాత్రమే రాసి, సాలిడ్ అన్న మాట లేకపోతే అది సాధారణంగా లామినేట్ అనే అనుకోవాలి. ఉదాహరణకు యమహా ఎఫ్‌జీ800 పై పలక సాలిడ్ స్ప్రూస్, అదే కంపెనీ ఎఫ్310 పై పలక లామినేట్. సాలిడ్ టాప్ ధ్వని నిండుగా ఉంటుంది, కానీ గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటేనే అది కుదురుగా ఉంటుంది. మరీ పొడిగాలిలో పగుళ్లు రావచ్చు. లామినేట్ ఇటువంటి మార్పులను మొండిగా తట్టుకుంటుంది. రెండు గిటార్లూ వేళ్లకు ఒకేలా హాయిగా ఉంటే సాలిడ్ టాప్‌ను తీసుకోవాలి; లేదంటే హాయిగా ఉన్నదాన్నే తీసుకోవాలి. పక్క పలకలు, వెనుక పలక ఏ చెక్కవైనా మొదటి గిటార్‌లో పట్టించుకోనక్కరలేదు. వేదిక ఎక్కే ఆలోచన ఇప్పట్లో లేనివారికి ధ్వనిని స్పీకర్‌కు పంపేందుకు లోపల అమర్చిన పికప్ కూడా అనవసరమే. అదే సొమ్ము సెటప్‌కు, అంటే తీగల ఎత్తు వంటివి సరిచేయించడానికి పెడితే ఫలితం ఆ రోజే చేతికి తెలుస్తుంది.

ఎడమచేతివాటం ఉన్నవారు మామూలు గిటార్‌ను తిరగేసి తీగలు మార్చుకుంటే సరిపోదు, ఎందుకంటే నట్ గాడుల వెడల్పు, సాడిల్ ఏటవాలు, పై పలక కింది బద్దీల అమరిక అన్నీ కుడిచేతి వరుసకే ఉంటాయి. కొందరు ఎడమచేతివాటం వారు కుడిచేతి గిటార్ మీదనే హాయిగా నేర్చుకుంటారు. రెండు రకాలూ ఒళ్లో పెట్టుకుని చూసి నిర్ణయించుకోవడమే సబబు.

వాయించడం తెలిసినవారిని తోడు తీసుకువెళ్లగలిగితే, చేతికి నచ్చిన రెండు మూడు గిటార్ల మీద ఒకే ముక్కను వారిచేత వాయింపించి, అటు తిరిగి వినాలి. కొన్న తరువాత మొదటి పని తీగలు మార్చడం, ఎందుకంటే దుకాణంలో వేలాడిన గిటార్ తీగలు చాలావరకు తుప్పు పట్టి ఉంటాయి. స్టీల్ గిటార్లకు మామూలుగా వేసే, మొదటి తీగ మందం 0.012 అంగుళాలుండే సెట్ బదులు 0.011 లేదా 0.010 సెట్ వేస్తే నొక్కడం మరింత తేలికవుతుంది. అయితే లాగుడు తగ్గి మెడ కాస్త వెనక్కి నిలుస్తుంది కనుక కొన్ని ఫ్రెట్ల దగ్గర జర్రుమనే శబ్దం మొదలుకావచ్చు. అందుచేత సెటప్‌ను ఏ తీగలు వాడబోతున్నారో ఆ తీగలు బిగించిన తరువాతే చేయించాలి.