టైగర్ మాత్‌లో రేడియో ఎప్పుడు నొక్కాలి, కళ్ళు ఎక్కడ పెట్టాలి

సెస్నా అనే చిన్న విమానం మీద లైసెన్స్ తెచ్చుకుని, ఆ తర్వాత టైగర్ మాత్ లాంటి పైకప్పు లేని, రెండంతస్తుల రెక్కల పాత విమానాల మీద మనసు పడ్డ తెలుగువాళ్ళు ఇక్కడ ఇంగ్లండ్‌లో అప్పుడప్పుడు కలుస్తుంటారు. అందరూ ముందు అడిగేది ఒకటే: "అందులో రేడియో ఎలా పెట్టుకుంటారు?" చెప్తాను. కానీ రేడియోలో మీకు వినబడేది మాట్లాడేవాళ్ళు మాత్రమే. అసలు రేడియో లేని విమానం, ఫ్రీక్వెన్సీ మార్చడం మర్చిపోయిన పైలట్, బ్యాటరీ అయిపోయిన నాలాంటి మనిషి, వీళ్ళంతా కూడా అదే ఆకాశంలో ఉంటారు. అందుకే ఇందులో సగానికి పైగా కళ్ళ గురించే ఉంటుంది.

నాకు బెడ్‌ఫర్డ్‌షైర్ వైపు ఒక టైగర్ మాత్‌లో వాటా ఉంది. 1931లో మొదటిసారి ఎగిరిన రకం. 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్ ఇంజిన్. బ్రేకులు లేవు, తోక కింద చక్రానికి బదులు నేల మీద ఒరుసుకుంటూ జారే స్కిడ్, కరెంటు అసలే లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన బేగంపేటలో కుర్రాళ్ళు ఎగరడం నేర్చుకున్నది కూడా వీటి మీదే. అప్పట్లో ముందు సీటు, వెనక సీటు మాట్లాడుకోవడానికి ఒక గొట్టం ఉండేది. బయటి ప్రపంచంతో మాట ఉండేది కాదు.

కరెంటు లేదు కాబట్టి చేతిలో పట్టే రేడియోనే గతి. దానికి హెడ్‌సెట్ తగిలించి, మాట్లాడే బటన్‌ను కంట్రోల్ స్టిక్‌కి వెల్క్రోతో చుడతాం. రేడియోను జేబులో వదులుగా పడేయకండి. జారి కిందపడితే స్టిక్ మొదట్లో ఇరుక్కుంటుంది. తాడుతో కట్టాల్సిందే. రెండో బ్యాటరీ కోటు లోపలి జేబులో ఉండాలి, ఒంటి వేడి తగిలేలా. చలికి బ్యాటరీ త్వరగా నీరసపడుతుంది. కొనగానే ఇంకో పరీక్ష చేయండి: ఇంజిన్ ఆన్‌లో పెట్టి వినండి. వేగం పెంచేకొద్దీ టకటక శబ్దం కూడా పెరిగితే తప్పు రేడియోది కాదు, మాగ్నెటో (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే పరికరం) నుంచి ప్లగ్గులకు పోయే తీగలది. వాటికి లోహపు తొడుగు ఉన్న రకం వేయించాలి. నేను ఈ సంగతి తెలియక రెండు హెడ్‌సెట్లు మార్చాను.

ఓపెన్ కాక్‌పిట్‌లో మాట్లాడటానికి ఒక పద్ధతి ఉంది. ముందు మూడు సెకన్లు వినండి. తల కిందికి దించి, అద్దం చాటుకి వచ్చి, పెదవులు మైక్‌కి ఆనించండి. బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ఆ మొదటి మాటే ఊరి పేరు. సొంత ఫ్రీక్వెన్సీ లేని విమానాలు దిగే చిన్న గడ్డి మైదానాలన్నిటికీ బ్రిటన్‌లో సేఫ్టీకామ్ అనే ఒకే ఉమ్మడి ఫ్రీక్వెన్సీ, 135.480 ఉంటుంది. మీ "డౌన్‌విండ్" (దిగేముందు రన్‌వే పక్కగా, దిగే దిశకి వ్యతిరేకంగా వెళ్తున్నానని) కేక పక్క జిల్లాలో వాళ్ళకీ వినబడుతుంది. ఊరి పేరు లేకపోతే వాళ్ళు లేని విమానం కోసం మెడలు తిప్పుకుంటారు.

వరుస ఇది: ఎవరిని పిలుస్తున్నాం, మనమెవరం, ఎక్కడున్నాం, ఏం చేయబోతున్నాం. "ఫలానా ట్రాఫిక్, టైగర్ మాత్, డౌన్‌విండ్, రన్‌వే టూ సిక్స్, లెఫ్ట్ హ్యాండ్." కాల్‌సైన్‌తో (రేడియోలో మన విమానం పేరుతో) పాటు విమానం రకం చెప్పండి. నాలుగు అక్షరాల రిజిస్ట్రేషన్ వింటే ఎవరికీ బొమ్మ కట్టదు. టైగర్ మాత్ అంటే నెమ్మదిగా వచ్చే రెండంతస్తుల రెక్కలని అందరికీ తెలుసు, దానికోసమే వెతుకుతారు. అవతలివాళ్ళ పేరు చివర "టవర్" ఉంటే వాళ్ళ అనుమతి కావాలి. "రేడియో" ఉంటే వాళ్ళు సమాచారమే ఇస్తారు, దిగొచ్చా లేదా అన్నది మీ తలనొప్పే. కొత్తలో నేను "రేడియో" వాళ్ళని దిగడానికి అనుమతి అడిగేవాణ్ణి. పాపం, ఏం చెప్పాలో తెలియక గాలి ఎటు ఉందో చెప్పేవాళ్ళు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. మనం ఇంగ్లిష్ వేగంగా మాట్లాడతాం, అంకెలు ఇంకా వేగంగా. సగం వేగానికి తగ్గించండి. "నైనర్" అనమంటే సిగ్గుపడకుండా "నైనర్" అనండి. గాలి హోరులో ఫైవ్‌కీ నైన్‌కీ తేడా తెలియదు.

ఇక నా ఘనకార్యం. ఒక శనివారం సాయంత్రం సర్క్యూట్‌లో, అంటే దిగడానికి రన్‌వే పక్కన వేసే చుట్టులో, మరో రెండు విమానాలు ఉన్నాయి. నేను వచ్చేసరికి రేడియో నిశ్శబ్దం. ఆహా, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుని కూనిరాగం కూడా తీశాను. సంగతేమిటంటే స్టిక్‌కి చుట్టిన బటన్ జారి, సీటు బెల్టు కింద నొక్కుకుపోయింది. దాదాపు నాలుగు నిమిషాలు నేనే ప్రసారం చేస్తున్నాను, మిగతావాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. దిగాక మా గ్రూపు పెద్దాయన వచ్చి, "పాట బాగుంది, భాషే అర్థం కాలేదు" అన్నాడు. ఆ రోజు ముగ్గురం ఒకర్నొకరు కళ్ళతో చూసుకున్నాం కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి రేడియో మరీ నిశ్శబ్దంగా ఉంటే, ముందు దాని మీద ఎర్ర లైటు వెలుగుతోందా అని చూస్తాను.

ఇప్పుడు కళ్ళు. ఒంటరిగా ఎగిరితే టైగర్ మాత్‌లో వెనక సీట్లో కూర్చుంటాం. నేల మీద ముందంతా ఇంజిన్, ముక్కు, ఏమీ కనబడదు. అందుకే పాములా అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ నడపాలి, ప్రతి వంకరలో పక్క నుంచి ముందుకి చూడాలి. గాలి గట్టిగా ఉంటే రెక్క చివర ఒక మనిషిని పట్టుకోమనండి. టేకాఫ్‌కి ముందు విమానాన్ని తిప్పి, దిగే దారి వైపు పెట్టి, ఆకాశం కింది నుంచి పైదాకా చూడండి. రేడియోలో ఎవరూ "ఫైనల్" (దిగడానికి నేరుగా రన్‌వేకి వస్తున్నాను) అనలేదని రన్‌వే మీదికి వెళ్ళకండి.

పైకి ఎక్కేటప్పుడు ముక్కు మళ్ళీ దారికి అడ్డం. ప్రతి 500 అడుగులకి కాస్త పక్కకి తిప్పండి, లేదా ముక్కు దించి చూసుకోండి. పై రెక్క మధ్యలో పెట్రోల్ ట్యాంకు ఉంటుంది, అది ఎదర పైభాగాన్ని మింగేస్తుంది. కింది రెక్క నేలని మింగుతుంది. ఎడమకి ఒరిగితే ఎడమ పై రెక్క సరిగ్గా మీరు వెళ్ళబోయే చోటినే కప్పేస్తుంది. కాబట్టి చూడాల్సింది తిరిగేటప్పుడు కాదు, తిరగకముందు. నేను తిరగబోయే వైపు వెనక నుంచి మొదలుపెట్టి ముందుదాకా చూసి, అప్పుడు స్టిక్ కదుపుతాను. గాగుల్స్ అంచులు పక్క చూపుని కోసేస్తాయి, అందుకే కళ్ళు కాదు, మెడే తిరగాలి. పాత పైలట్లు సిల్కు స్కార్ఫ్ కట్టుకున్నది ఫోటోల కోసం కాదు, మెడ ఒరుసుకుపోకుండా.

ఆకాశాన్ని ఊరికే గాలించినట్టు చూస్తే ఏమీ దొరకదు. కదులుతున్న కన్ను చూడలేదు. చిన్న ముక్కగా తీసుకుని, ఒకటి రెండు సెకన్లు ఆగి, తర్వాతి ముక్కకి వెళ్ళాలి. మబ్బులేని ఖాళీ ఆకాశంలో కన్ను తనంతట తానే దగ్గరికి ఫోకస్ అయిపోతుంది, కాబట్టి మధ్యమధ్య దూరంగా ఉన్న చర్చి శిఖరాన్నో, మబ్బు అంచునో చూసి సరిచేసుకోండి. అన్నిటికంటే మోసం చేసేది కదలని చుక్క. కదిలేది మీకు తగలదు. అద్దం మీద ఒకేచోట నిలబడి, మెల్లగా పెద్దదయ్యేదే మీ మీదికి వస్తున్నది. అది అద్దం మీద పడ్డ పురుగులాగే ఉంటుంది. తల కాస్త జరపండి, పురుగైతే వెనకున్న మబ్బు మీద జరిగినట్టు కనిపిస్తుంది.

ఎంత సమయం ఉంటుందో లెక్క చూడండి. మనం 70 నాట్లు (గంటకి అన్ని నాటికల్ మైళ్ళు), ఎదురొచ్చే సెస్నా 110. కలిపితే 180, అంటే నాటికల్ మైలుకి 20 సెకన్లు. చూసి, గుర్తుపట్టి, నిర్ణయించి, విమానం కదిలేసరికి 12.5 సెకన్లు పోతాయని అమెరికా పౌర విమానయాన సంస్థ లెక్క. మైలు దూరంలో మీకు కనబడితే మిగిలేది ఏడు సెకన్ల పైచిలుకు. ఎదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. అడ్డంగా వస్తే మీకు కుడివైపు ఉన్నవాళ్ళకి దారివ్వాలి. గ్లైడర్లకీ బెలూన్లకీ ఎప్పుడూ మనమే తప్పుకోవాలి. మా వైపు డన్‌స్టబుల్, గ్రాన్స్‌డెన్ లాడ్జ్ దగ్గర గ్లైడర్లను వించ్‌తో (తీగ చుట్టే యంత్రంతో) పైకి లాగుతారు. అక్కడ మైదానం మీదుగా వెళ్తే గ్లైడర్‌తో పాటు తీగ కూడా ఆకాశంలోకి లేస్తుంది, అది కనబడదు. మ్యాపులో గుర్తు చూసి చుట్టూ తిరిగి పోండి.

ఈ మధ్య స్కైఎకో లాంటి చిన్న పెట్టెలు వచ్చాయి. బ్యాటరీతో నడుస్తూ మన ఉనికిని చాటుతాయి, పక్కనున్నవాళ్ళని ఫోన్ తెర మీద చూపిస్తాయి. పెట్టుకోండి, నేనూ పెట్టుకున్నాను. కానీ ఎండలో ఆ తెర కనబడదు, అదీగాక పెట్టె లేనివాళ్ళు అందులో ఉండరు.

దిగడానికి వస్తే ఓవర్‌హెడ్ జాయిన్ నాకు ఇష్టం. మైదానానికి 2000 అడుగుల పైన ఒక చుట్టు వేస్తే విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం), సర్క్యూట్‌లో ఉన్నవాళ్ళు, గడ్డి మీద కదిలేవాళ్ళు అందరూ కనిపిస్తారు. తర్వాత సర్క్యూట్ లేని వైపు ఎత్తు తగ్గించుకుని, రన్‌వే అవతలి చివర మీదుగా దాటాలి. ఇదంతా రేడియో లేనివాళ్ళకీ పనికొస్తుంది. రేడియో చచ్చిపోతే టవర్ ఉన్నచోట లైటు చూడండి: ఆగని పచ్చ అంటే దిగవచ్చు, ఆగని ఎరుపు అంటే దారిచ్చి చుట్టు తిరుగు, ఆరి వెలిగే ఎరుపు అంటే ఇక్కడ దిగకు. రేడియో లేకుండా వెళ్ళాలనుకుంటే ముందే ఫోన్ చేయండి. చాలా గడ్డి మైదానాలు సంతోషంగా ఒప్పుకుంటాయి.

ఇంజిన్ ఆపాక రేడియో ఆఫ్ చేశారో లేదో చూసుకోండి. మా ఇంట్లో దాన్ని వంటగదిలో మిక్సీ పక్కన చార్జింగ్ పెడతాను. శుక్రవారం రాత్రి ఇడ్లీ పిండి రుబ్బుతూ మా ఆవిడ దాని ప్లగ్గు పీకేస్తే, శనివారం నేను రేడియో లేకుండానే ఎగురుతాను.